మెట్ల మలుపు దాకా

మా ఇంటి కండక్టరమ్మకు,

తల్లీ! నీ కార్డు అందింది. అందిందంటే మామూలుగా అందడం కాదు, పోస్టాయన సైకిలు దిగకముందే చేతిలోంచి లాక్కున్నాను. "తాతా, నన్ను పడేసేలా ఉన్నావే!" అన్నాడు. పడితే లేపుతాలే అన్నాను. నా కూతురు వస్తోంది, మనవరాల్ని ఎత్తుకుని వస్తోంది, పది రోజులుంటుంది! నాలుగుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని ఐదోసారి చదివాను. సరుకుల కొట్టాయనకు చదివి వినిపించాను. పాలావిడ తొందరలో ఉండి వెళ్ళిపోతుంటే ఆవిడ వెనకే రెండిళ్ళు నడుస్తూ వినిపించాను. ఐదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, ఇంత సంతోషాన్ని కాగితం మీద పెట్టడం నాకు చేతకావడం లేదు. నువ్వే ఊహించుకో.

నిన్న సరుకులు తెచ్చాను. అమ్మ పోయిన ఈ ఆరేళ్ళలో అరకిలో, పావుకిలో తప్ప కొనని మనిషిని బియ్యం బస్తా అడిగేసరికి కొట్టాయన "ఏం తాతా, మళ్ళీ పెళ్ళా?" అన్నాడు. "మనవరాలయ్యా! అది తినేది పిడికెడే, అయినా ఇల్లు నిండుగా కనపడొద్దూ?" అన్నాను. అన్నీ మీ అమ్మ పద్ధతిలోనే సర్దాను. డబ్బాలు ఇటుకల మీద ఎక్కించాను. ఉప్పు జాడీ పొయ్యి పక్కకు చేర్చాను. సబ్బులు కాగితం విప్పి గాలికి పెట్టాను, గట్టిపడితే నాలుగు రోజులు ఎక్కువ వస్తాయనేది కదా. అగ్గిపెట్టె మాత్రం ఆమెలా నడుముకు దోపుకోలేక చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఒంటి వెచ్చదనం తగలకపోతే ఈ ఇంట్లో పుల్ల వెలగదు గదా.

పాపను ఎక్కడ పడుకోబెట్టాలన్నదే దిగులు. ఉన్నది ఒక్క గది, వంటకు ఆ చిన్న వసారా. నువ్వు పడుకునే గోడవార చెమ్మ ఈ వానలకు నా భుజాల ఎత్తుదాకా పాకింది. క్యాలెండరు కాగితాలు అంటిస్తే మూడు రోజుల్లో ఉబ్బి ఊడొచ్చాయి.

నీ కార్డులో చివరి నాలుగు వరుసలు మాత్రం ఎవరికీ వినిపించలేదు. "ఆ పై వాటా ఇంటాయన మొహం చూడలేకే ఇన్నేళ్ళు రాలేదు నాన్నా. ఈసారి పైకెళ్ళి ఆయన్ని కడిగేస్తాను. గోడ బాగుచేయించమని ప్రతి వానాకాలం నువ్వు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడడం, ఆయన కాదని పంపేయడం తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది" అని రాశావు. ఎందుకు తల్లీ, ముసలాయన అయిపోయాడు. వచ్చాక చూద్దాంలే. ముందు నువ్వు రా.

సంతోషం పట్టలేక,
నాన్న


అమ్మడూ,

ముందు మంచి మాట చెప్తాను. గోడ ఆరిపోతోంది! నిజం! అరచెయ్యి ఆనిస్తే పొడిగా తగులుతోంది. రోజుకు పదిసార్లు ఆనిస్తున్నాను, చూసినవాళ్ళు పిచ్చెక్కిందనుకుంటారు. పాప హాయిగా పడుకోవచ్చు.

ఎలాగంటే, పోయిన వారం నేను పైకి వెళ్ళాను. పాపను ఆ గోడవార పడుకోబెట్టే ధైర్యం లేక వెళ్ళాను. ఇంటాయన వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. "ఏమయ్యా, అద్దె ఇచ్చేశావుగా, మళ్ళీ వచ్చావేం?" అన్నాడు.

"గోడండీ."

"ఏ గోడ?"

"కింద గోడండీ. చెమ్మండీ."

ఆయన చేతికర్ర పట్టుకుని మెల్లగా దిగాడు. గోడ చూశాడు. "ఇది ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై ఒక్క ఏళ్ళండీ."

"నీకు నోరు లేదటయ్యా? మా స్నానాల గది గొట్టం ఈ గోడలోంచే దిగుతుంది. అప్పుడే ఒక్క మాట చెప్పుంటే పూటలో పోయే పని!"

మర్నాడు తాపీమేస్త్రీ వచ్చాడు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకు గొట్టం మార్చి చేతులు కడుక్కున్నాడు. ఒక్క పూట తల్లీ. ఇరవై ఒక్క ఏళ్ళ చెమ్మకు ఒక్క పూట.

నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

వానలు మొదలవగానే మీ అమ్మ "వెళ్ళి అడగండి" అని పంపేది. వెళ్ళేవాణ్ణి. తొమ్మిది మెట్లు ఎక్కాక మలుపు ఉంటుంది చూడు, అక్కడ కూర్చునేవాణ్ణి. నిజంగా మాట్లాడితే ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చుని దిగొచ్చేవాణ్ణి. "ఏమన్నాడు?" "కుదరదన్నాడు." ప్రతి ఏడూ అదే. ఒక ఏడు, ఊరికే కుదరదన్నాడంటే నమ్మదేమోనని, "నచ్చకపోతే ఖాళీ చేసి పొమ్మన్నాడు" అని కూడా చెప్పాను. మీ అమ్మ తానే వెళ్తానని లేచింది. "నాకైన అవమానం చాలు, నీకు కూడా ఎందుకు?" అని ఆపాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నా కంచంలో తన వాటా కూర కూడా వేసింది. తిన్నాను తల్లీ. గొంతు దిగకపోవడం లాంటిదేమీ జరగలేదు. శుభ్రంగా తిన్నాను.

ఎందుకంటావా? భయమని చెప్పేస్తే సరిపోతుంది గానీ, అది సగమే. మొదటి ఏడాది నిజంగానే అడగాలని ఎక్కాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన లోపల ఎవరితోనో అంటున్నాడు, "కింద అద్దెకున్నాయన బంగారం. మునుపటివాళ్ళు ఊరికే పీక్కుతినేవాళ్ళు" అని. నన్ను బంగారం అన్నవాళ్ళు అంతవరకు ఎవరున్నారు? గోదాములో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడితే షావుకారు చివరిదాకా "ఒరేయ్" అనే పిలిచాడు. ఆ ఒక్క మాట చెడగొట్టుకోలేక అక్కడే కూలబడ్డాను. ఆ తర్వాత ఇక అడగడానికని పైదాకా ఎక్కడం అలవాటు తప్పిపోయింది, కూర్చోవడం అలవాటైపోయింది.

గోదాములో షావుకారు బస్తాల కింద చెక్కలు వేయించి, గోడకు జానెడు ఎడం ఉంచి పేర్పించేవాణ్ణి. చెమ్మ తగిలితే గింజ పాడవుతుందని కూలీల మీద అరిచేవాణ్ణి. ఇంటికొచ్చి నిన్ను ఆ గోడవారనే పడుకోబెట్టేవాణ్ణి. నీకు పిల్లికూతలు వస్తుంటే వీపు రాస్తూ ఇంటాయన్ని తిట్టేవాణ్ణి. మీ అమ్మ దగ్గు ముదిరినప్పుడు డాక్టరు "పొడిగా ఉండే చోట ఉంచండి" అన్నాడు. ఆ సాయంత్రం కూడా మలుపు దాకా వెళ్ళాను. ఆ సాయంత్రం కూడా కూర్చున్నాను.

మేస్త్రీ పని చూడ్డానికి ఇంటావిడ దిగింది. "మీ ఆవిడ పోయేదాకా నా మొహం చూడలేదు. ఎదురుపడితే తల తిప్పేసుకునేది. నేనేం చేశానో నాకు ఇప్పటికీ తెలియదు" అంది. నేను సిమెంటు తట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. ఆవిడకు చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి కదా.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకోవచ్చు. గోడ ఆరింది, నువ్వు వస్తావు, పాప ఆడుకుంటుంది. కానీ నువ్వు ఊరుకోవు. బస్సునిండా జనాన్ని ఒంటిచేత్తో నిలదీసే నోరు నీది, అది ఎక్కడి నుంచి వచ్చిందో గానీ నా నుంచి మాత్రం కాదు. నా మీద జాలితో పైకెక్కి, ఏ పాపం తెలియని ముసలాయన్ని పట్టుకుని దులిపేస్తావు. ఇన్నేళ్ళూ నీ జాలి మీద బతికాను తల్లీ. తియ్యగానే ఉండేది. ఇక నీ చేత ఆ తప్పు కూడా చేయించలేను.

ఇది చదివాక కూడా రా. కోపంతో అయినా రా. నువ్వు రాకపోతే ఎవరికీ సాకులు చెప్పను, ఎందుకు రాలేదో అదే చెప్తాను.

నాన్న


పై వాటాలో ఉన్న నా కూతురికి,

నువ్వు వచ్చావు! నన్ను ఎవరు ఏమన్నా, నేను ఎలాంటివాణ్ణయినా, నువ్వు మాత్రం వచ్చావు! నాలుగు రోజులుగా నా నెత్తి మీద పాప పరిగెడుతుంటే నేను కింద నిలబడి పైకప్పు చూసి నవ్వుకుంటున్నాను. ఆ చివరి నుంచి ఈ చివరికి పదమూడు అడుగులు వేస్తుంది, మధ్యలో ఒకసారి పడుతుంది. పడ్డప్పుడల్లా నేను చేతులు చాస్తున్నాను, చూడు నా పిచ్చి.

ఆ రోజు నువ్వు గుమ్మంలో సంచి దించలేదు. గోడ వంక చూసి "ఆరిందా?" అన్నావు. ఆరింది తల్లీ అన్నాను. ఇటుకల మీద డబ్బాలు చూశావు. అప్పుడు అన్నావు, "అమ్మ పోయే ముందు నాకేం చెప్పిందో తెలుసా? 'పైవాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకు' అంది. అమ్మ నాకు చెప్పిపోయిన ఆఖరి మాట నాన్నా అది. ఇంకేదైనా చెప్పి ఉండేది. ఆ ఊపిరి నువ్వు తీసేసుకున్నావు." అరవలేదు నువ్వు. అరిచి ఉంటే బాగుండేది. "వాళ్ళింట్లో నీళ్ళు తాగి వస్తాను" అని పాపనెత్తుకుని పైకి వెళ్ళావు. నాలుగు రోజులైంది, ఆ నీళ్ళు తాగడం ఇంకా అవలేదు.

నిన్న ఇంటాయన దిగి వచ్చాడు. "మీ అమ్మాయి గోడ సంగతంతా చెప్పి, వాళ్ళమ్మ తరఫున మా ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. నీ గురించి మాత్రం చెడ్డగా ఒక్క మాట అనలేదు" అన్నాడు, నాకు మంచి మాట చెప్తున్నాననుకుని. నన్ను తిట్టడానికి కూడా నీకు మనసొప్పలేదని ఆయనకేం తెలుసు? "అయినా అంత అబద్ధం ఎందుకాడావయ్యా?" అని అడిగాడు. "మీరు నన్ను బంగారం అన్నారండీ, ఆ మాట పోగొట్టుకోలేక" అన్నాను. ఆయన "నేనా? అని ఉంటానా?" అన్నాడు. ఆయనకు గుర్తే లేదు తల్లీ. ఆ మాట కోసం నేను మీ అమ్మను... పోనీలే. రాసినా తరగదు.

ఇంటావిడ రోజూ పొద్దున్నే పాపను తెచ్చి కాసేపు నా ఒళ్ళో పెడుతోంది. "తాతకు చూపించమని మీ అమ్మాయే పంపింది" అంటుంది. నువ్వు స్నానానికి వెళ్ళిన వేళ చూసి తెస్తోందని నాకు తెలుసు. అబద్ధమంటే ఎలా ఉంటుందో నాకు కాక ఎవరికి తెలుస్తుంది? అయినా ఎత్తుకున్నాను. పాప నా కళ్ళజోడు లాగి నోట్లో పెట్టుకుంది! వీపుకు చెవి ఆనించి ఊపిరి విన్నాను, పిల్లికూతలు లేవు. ఎంత సంతోషమో!

పది రోజులన్నదానివి రేపు పొద్దున బస్సుకే వెళ్తున్నావట. అది కూడా ఇంటావిడే చెప్పింది. అందుకే ఈ కాగితం నేనే పైకి తెచ్చి నీ చేతికిస్తాను. క్షమించమని అడగడానికి కాదు. క్షమించానని నువ్వు అన్నా నేను నమ్మను. ఒక్కటే అడుగుతున్నాను, వెళ్ళేలోగా కిందికి వచ్చి నన్ను తిట్టు. మీ అమ్మ తిట్టాల్సినవి కూడా నువ్వే తిట్టు. ఆమెకు తిట్టే అవకాశం లేకుండా చేశాను, నన్ను వెనకేసుకొస్తూనే పోయింది పిచ్చిది. నేను మధ్యలో మాట్లాడను, ఏడవను, కూర్చోను. నిలబడి వింటాను.

ఇవాళ మధ్యాహ్నం పాప నిద్రపోయాక రా. తాతను తిడుతుంటే చిన్నపిల్ల వినకూడదు.

కాదు తల్లీ, ఆ వరుస కొట్టేయి. పాపను కూడా తీసుకురా. విననీ.

నాన్న