ఆరు చేతుల రాక్షసుడు

ఆర్మూర్,
శుక్రవారం

తమ్ముడు గంగాకిషన్‌కు అక్క ఆశీస్సులు.

"ఫికర్ జెయ్యకు అక్కా, రేపు పొద్దుగాల నలుగురిని దీస్కొని కట్టెలతోని వస్తున్న" అని నువ్వు చెప్పి పంపిన మాట బస్సు కండక్టర్ ఇప్పుడే చెప్పాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. మీ బావ రెండో పెళ్ళి చేసుకోవడం లేదు. జరిగింది వరుసగా రాస్తున్నాను, చదివాకే బయలుదేరు.

రేపు, ఎల్లుండి ఇక్కడ జానపద వేషాల పండుగ. వేషం ఇంట్లో కుట్టిందే అయి ఉండాలి. మీ బావకు ఆరు చేతుల రాక్షసుడి వేషం పసుపు కొమ్ములు నింపిన మూడు పాత గోనె సంచులతో కుట్టాను. ఒక్కో సంచిని ఏడుసార్లు దులిపాను. అయినా నిన్న తొడిగి చూస్తే చెమటకు రంగు దిగి మనిషంతా పసుపయ్యారు. సబ్బు పెట్టి రుద్దితే కాళ్ళు పారాణి పెట్టినట్టు ఎర్రబడ్డాయి.

దారం తక్కువైతే అలాగే బస్టాండు వైపు పంపాను. పళ్ళకు అట్ట కోరలు అంటించి, మైదా బంక ఆరేదాకా నోరు తెరవొద్దని చెప్పింది కూడా నేనే. అక్కడ మన ఊరి నీలవ్వ ఎదురైందట.

"ఏంది అల్లుడా, గీ వయసుల పెండ్లికొడుకువైనవా?"

కోర ఊడితే నేనేమంటానో అని తల ఊపారట.

"నీ పెండ్లానికి ఎర్కేనా?"

దానికీ ఊపారట. అది మాత్రం అబద్ధం కాదు.

అయినా నువ్వు రా. ఆ నలుగురినీ, కట్టెలనూ తీసుకురా. రాక్షసుడికి వెనక నాలుగు చేతులు నిలబడక వాలిపోతున్నాయి. లావు కట్టెలు వద్దు, సన్నవి చాలు.

మీ అక్క