అమ్మ గుండు, వదులైన మాస్కు

అనకాపల్లి, బుధవారం రాత్రి

కోపం ఇంకా తగ్గలేదు. అమ్మకి ఊపిరితిత్తుల నుంచి మెదడుకి పాకిన క్యాన్సర్ గడ్డల మీద ఈరోజు విశాఖలో గురిపెట్టి రేడియేషన్ ఇవ్వాల్సింది. కొత్త మందు మాత్రలూ, ఇదీ కలిస్తే గట్టిగా పనిచేస్తాయన్నారు డాక్టరు. రేడియేషన్ అయ్యేదాకా మాత్ర ఆపమంటే ఆపాం. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల రవ్వంత కూడా కదలకుండా బిగించి పట్టడానికి, పోయిన వారమే అమ్మ తలకి అచ్చు తీసి ప్లాస్టిక్ మాస్కు చేశారు.

ఆదివారం అమ్మ ఉప్మాక గుడికి వెళ్లి తలనీలాలు ఇచ్చేసింది. చేపల గంప మోసిమోసి కూడా పలచబడని జుట్టు! ఇంటికొచ్చాక ఆ గుండుకి నేనే గంధం రాశాను. మాస్కు సంగతి ఎవరికీ తట్టలేదు. ఈరోజు పెడితే, జుట్టు లేక లోపల తల అటూ ఇటూ ఆడింది. మళ్లీ మాస్కు, మళ్లీ స్కాను. వచ్చే వారం రమ్మన్నారు.

"ఎందుకమ్మా ఇలా చేసేవు?" అని బస్సులోనే అరిచాను.

"రెండూ కలిపితే మంచిదని డాక్టరు బాబే సెప్పేడు కదే. నాను మొక్కు కూడా కలిపేను" అంది.

జుట్టు తియ్యొద్దని ఆసుపత్రిలో ఒక్కరైనా ముందు చెప్పారా? వచ్చే వారందాకా మాత్ర మళ్లీ వెయ్యాలా అంటే, పెద్ద డాక్టరు వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చెయ్యలేదు.

మాత్ర లేదు, రేడియేషన్ లేదు. ఈ రాత్రికి అమ్మకి జరుగుతున్న వైద్యమల్లా ఆ మొక్కే.