దిగకుండానే దిగిపోయిన మా అత్తగారు

నగర బస్సుల సంస్థ, కార్డు చార్జీల విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బస్సులో కూర్చుని ఉన్న మా అత్తగారిని తమ యంత్రం దించివేయడం, ఆ పిమ్మట ఆమెను చార్జీ ఎగవేసిన వ్యక్తిగా నమోదు చేయడం, ఆమె కార్డును బ్లాక్ చేయడం గురించి రెండవ అర్జీ.

నా మొదటి అర్జీకి తమ కార్యాలయం పంపిన జవాబు అందింది. అందులో నన్ను "కార్డు వినియోగంపై అవగాహన లేని ప్రయాణికురాలు"గా పేర్కొన్నారు. కాబట్టి ముందు నా అవగాహన సంగతి మనవి చేసుకుంటాను. నేను గృహిణిని. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ ఇంటి జమాఖర్చులు నేనే రాస్తున్నాను. పాలవాడు పొరపాటున ఒకే పూటకు రెండు గీతలు గీస్తే రెండో గీత కొట్టేస్తాను. అంతేగాని, పాలు పోసినవాడు ఆ పాలను వెంటనే వెనక్కి పట్టుకుపోయాడని రాసుకోను. తమ యంత్రానికీ నాకూ తేడా సరిగ్గా అక్కడే వచ్చింది. అది ఎలా వచ్చిందో వరుసగా రాస్తున్నాను. మధ్యలో వదిలేయకుండా చదవవలసిందిగా ప్రార్థన.

1. తమ బస్సు ముందు తలుపు పక్కన కడ్డీకి ఒక పసుపుపచ్చ డబ్బా బిగించారు. ఎక్కేటప్పుడు దానికి కార్డు తాకించాలి. దిగేటప్పుడు మళ్ళీ తాకించాలి. డబ్బులిస్తామంటే డ్రైవరు తీసుకోకూడదట. సరే, తీసుకోవద్దు. అయితే మొదటిసారి తగిలితే ఎక్కినట్టు, రెండోసారి తగిలితే దిగినట్టు. ఈ రెంటి మధ్య బస్సు కదిలిందా లేదా అన్నది ఆ డబ్బాకు అనవసరం.

మా అత్తగారికి పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఇప్పుడు కొంత స్వాధీనంలోకి వచ్చింది గాని వణుకు పోలేదు. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకోకపోతే నిలబడలేరు. కాబట్టి కార్డు కుడి చేతిలోనే ఉంటుంది. "శబ్దం వచ్చేవరకు కార్డును ఆనించి ఉంచండి" అని తమ బస్సులో ఒక ఆడగొంతు స్టాపు స్టాపుకీ చెబుతుంది. ఆ గొంతును నమ్మి మా అత్తగారికి ఇంట్లోనే సాధన చేయించాను. ఫ్రిజ్ తలుపుకు పసుపు కాగితం అంటించాను. ఆమె కార్డు ఆనిస్తే నేను నోటితో "కుయ్" అనేదాన్ని.

"ఇంత గట్టిగా అరవాలా? పక్కింటివాళ్ళు ఏమనుకుంటారే?" అనేవారు.

"బస్సులో ఇంతకన్నా గట్టిగా అరుస్తుంది అత్తయ్యా. ముందే అలవాటు పడండి" అనేదాన్ని.

మా సాధనలో ఒకటే లోపం. కార్డు ఒకసారి పెడితే నేను ఒకసారే కుయ్‌మన్నాను. చేయి వణికిందని రెండోసారి కుయ్‌మనాలని నాకు తోచలేదు. నేను మనిషిని కదా.

2. ఒక గురువారం ఆమెను చేతి వ్యాయామాల కోసం ఆసుపత్రికి తీసుకువెళుతున్నాను. నా కార్డు తాకించి పక్కకు జరిగాను. ఆమె తన కార్డు ఆనించి, నేను నేర్పినట్టే కదలకుండా నిలబడ్డారు. చేయి మాత్రం నిలబడలేదు. కుయ్, కుయ్ అంది డబ్బా. మొదటి కుయ్‌తో మా అత్తగారు బస్సెక్కారు. రెండో కుయ్‌తో దిగిపోయారు. బస్సు చక్రం ఇంకా తిరగనే లేదు. దిగిపోయిన ఆ మనిషి నా భుజం పట్టుకుని నడిచి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు.

మార్కెట్ స్టాపులో తమ చెకింగ్ ఉద్యోగి ఎక్కి, ఆమె కార్డును చేతి యంత్రానికి పెట్టి చూశారు.

"మీరు దిగిపోయారమ్మా" అన్నారు.

"ఎక్కడ దిగాను నాయనా? ఇక్కడే ఉన్నాగా" అన్నారు మా అత్తగారు.

"సిస్టంలో దిగిపోయారు. మీకు టికెట్ లేదు."

నేను కల్పించుకున్నాను. "బాబూ, ఆవిడ చేయి వణుకుతుంది. కార్డు రెండుసార్లు తగిలింది. అందులోనే చూడండి. ఎక్కిన స్టాపూ, దిగిన స్టాపూ ఒకటే కదా?"

"ఒకటే."

"మరి అక్కడే దిగిపోయిన మనిషి మార్కెట్ దాకా ఎలా వచ్చింది?"

"నేనూ అదే అడుగుతున్నానమ్మా. టికెట్ లేకుండా ఎలా వచ్చారు?"

వెనక సీటులోంచి ఎవరో "దయ్యమేమో, కాళ్ళు చూడండి సార్" అన్నారు. బస్సంతా నవ్వింది. తమ ఉద్యోగి కూడా నవ్వారు. నవ్వుతూనే జరిమానా రశీదు చింపి ఇచ్చారు. మా అత్తగారు లేచి నిలబడ్డారు.

"పదవే, నిజంగానే దిగుదాం" అన్నారు.

ఆసుపత్రి ఇంకా చాలా దూరం ఉంది. అయినా దిగాం. ఇంటికి నడిచి వచ్చాం. దారిపొడవునా ఆమె నా భుజం పట్టుకుని ఆగి ఆగి నడిచారు.

3. జరిమానా ఆ రోజే కట్టేశాను. దాని గురించి ఈ అర్జీ కాదు. తమ రశీదులో "కారణం" అన్నచోట "ఉద్దేశపూర్వక చార్జీ ఎగవేత" అని అచ్చయి వచ్చింది. మా అత్తగారి ఉద్దేశం తమ డబ్బాకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఆమె ఉద్దేశాలు నాకే సగం తెలియవు.

ఆమె చేయి పడిపోయేదాకా బట్టలు కుట్టారు. ఈ వీధిలో ఆమె కుట్టిన బట్ట కట్టని ఇల్లు లేదు. కుట్టగా మిగిలిన గుడ్డ అరచేయంతే ఉన్నా చుట్టచుట్టి, దారంతో కట్టి, కుట్టిన బట్టతోపాటు తిరిగి ఇచ్చేసేవారు. "ఈ పీలికలు మాకెందుకండీ" అంటే, "మీ గుడ్డ మీది" అనేవారు. అలాంటి మనిషి చేతిలో ఎగవేత అనే కాగితం పెట్టారు. సాయంత్రానికల్లా కూరగాయలమ్మే ఆమె మా గుమ్మం ముందు ఆగి, "ఏమ్మా, పెద్దమ్మగారిని బస్సులో పట్టుకున్నారటగా?" అని లోపలికి వినపడేలా అడిగింది. బస్సులో నవ్వినవాళ్ళలో ఆమె కూడా ఉందో లేదో నేను అడగలేదు. ఆ రోజు కూరగాయలు కొనలేదు.

4. ఆ జరిమానాతోపాటే బ్లాక్ అయిన ఆమె కార్డు తెరిపించడానికి తమ కార్యాలయానికి వచ్చాను. తలుపు దగ్గర టోకెన్ యంత్రం ఉంది. కార్డు తాకిస్తేనే టోకెన్ వస్తుంది. బ్లాక్ అయిన కార్డు తాకిస్తే రాదు. బ్లాక్ అయిన కార్డులను తెరిచే కౌంటరు ముందు ఈ ఏర్పాటు చేసిన మహానుభావులు ఎవరో తెలిస్తే దండ వేసి వెళ్ళాలని ఉంది. చివరకు నా కార్డుతో టోకెన్ తీసుకుని గుమాస్తా గారి ముందు కూర్చున్నాను.

"కార్డుదారు రావాలమ్మా. వేలిముద్ర వేయాలి" అన్నారు.

"ఆవిడ అంత దూరం నడవలేరండీ."

"నడవడం ఎందుకు? మన బస్సు ఈ గేటు ముందే ఆగుతుందిగా."

"ఎక్కడానికి కార్డు పనిచేయడం లేదు కదండీ."

"అందుకే కదమ్మా, తీసుకురమ్మంటున్నాం."

పోనీ కొత్త కార్డు కొంటానన్నాను. ఎగవేత నమోదై ఉండగా ఆ పేరు మీద కొత్త కార్డు ఇవ్వరాదట. అయితే ఆ నమోదు కొట్టేయమన్నాను. అది ఆయన విభాగం కాదట. మరి ఎవరిది అని అడిగితే గోడకు తగిలించిన ఒక పెట్టెను చూపించారు. నా మొదటి అర్జీ ఆ పెట్టెలోనే వేశాను. జవాబు చూస్తే దాన్ని రాసింది కూడా ఆ పెట్టేనేమో అనిపించింది.

5. ఇక తమ జవాబు. అందులో రెండు ఆదేశాలు ఉన్నాయి. ఒకటి, ప్రయాణికులు కార్డును చేయి కదలకుండా పట్టుకోవలెను. ఈ ఆదేశాన్ని మా అత్తగారి చేతికి స్పష్టంగా చదివి వినిపించాను. అది వినలేదు. ఆసుపత్రివారు మందులతో, వ్యాయామాలతో ఆపలేని వణుకును తమ విభాగం ఒక్క వాక్యంతో ఆపగలదని ముందే తెలిస్తే మేము ఇంత శ్రమ పడేవాళ్ళం కాదు. రెండవది, మా అత్తగారిది వంటి రాయితీ కార్డును కార్డుదారు తప్ప ఇతరులు తాకించరాదు, తాకిస్తే స్వాధీనం చేసుకుంటారు. అంటే వణికే చేయి తాకిస్తే ఎగవేత, వణకని చేయి తాకిస్తే దుర్వినియోగం. ఇక ఆ కార్డు తాకించే అర్హత తమరొక్కరికే మిగిలింది. పొద్దున్నే మా వీధి చివరికి వస్తే మా అత్తగారిని తయారుచేసి ఉంచుతాను.

"యంత్రాన్ని పరీక్షించగా లోపం కనిపించలేదు" అని కూడా రాశారు. ఎవరి చేత్తో పరీక్షించారో రాయలేదు.

6. ఇది అర్జీలో రాయవలసిన సంగతి కాదు. అయినా రాస్తున్నాను. ఆ గురువారం తర్వాత మా అత్తగారు ఆసుపత్రికి వెళ్ళడం మానేశారు.

"టాక్సీ పిలుస్తానమ్మా" అన్నారు మావారు.

"బస్సులో మొహం చెల్లక టాక్సీ ఎక్కిందని చెప్పుకోవడానికా? ఆ మాట కొట్టేశామని రాసి ఇమ్మను. అప్పుడు వెళతాను, అదే బస్సులో."

"చేయి నీదమ్మా, వాళ్ళది కాదు."

"పరువూ నాదే" అన్నారు.

ఆమెకు ఒక పెద్ద కత్తెర ఉంది. కాగితం కోయడానికైనా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఆ గురువారానికి ముందు ఆమె తొలిసారి బొటనవేలు ఆ కత్తెర పిడిలోకి దూర్చగలిగారు. పాత దిండు గలీబు తీసుకుని సగం దాకా కోశారు. కోత పాము పాకినట్టు వచ్చింది. "కుట్టు నేర్చుకునేవాళ్ళు ఇలా కోస్తే నెత్తిమీద మొట్టేదాన్ని" అని నవ్వి, ఆ గలీబును మడిచి దాచుకున్నారు. ఇప్పుడు కత్తెర మళ్ళీ మిషను సొరుగులోకి వెళ్ళిపోయింది. వ్యాయామం చేయించే అమ్మాయి ఫోన్ చేసి, "ఇప్పుడు ఆపితే వేళ్ళు అలాగే ముడుచుకుపోతాయండీ, తర్వాత మేమేం చేయలేం" అంది. నిన్న నేను మంచినీళ్ళు ఇస్తే ఆమె ఎడమ చేత్తో అందుకున్నారు. కుడి చేయి ఒళ్ళో ఉంది. దానివైపు చూడను కూడా లేదు.

నాకు తమ మీద కోపం వచ్చింది అప్పుడే. అంతవరకూ ఉన్నది విసుగే.

కావున నేను కోరేదేమంటే, బస్సు కదలకముందు కార్డు ఎన్నిసార్లు తగిలినా ఒక్కసారిగానే లెక్కవేసేలా ఆ డబ్బాకు బుద్ధి చెప్పించండి. ఆగి ఉన్న బస్సులో ప్రయాణం పూర్తిచేసే విద్య మా ఇంట్లో ఎవరికీ రాదు. కార్డు తెరవడానికి వేలిముద్రే కావాలంటే గుమాస్తా గారిని మా ఇంటికి పంపండి. ఆయనకు నడక శ్రమ ఉండదు, మన బస్సు మా వీధి చివరే ఆగుతుంది. అన్నిటికన్నా ముందు, ఎగవేత అన్న మాట కొట్టివేసినట్టు తమ సంతకంతో ఒక కాగితం పంపండి. ఫోనుకు సందేశం వద్దు. ఆ కాగితం ఆమె తన చేత్తో పట్టుకుని చదవాలి. చేతిలో వణికినా కాగితం కుయ్‌మనదు.

ఇదంతా ఒక్కసారే విన్నవించాను. ఒక్కసారిగానే చిత్తగించవలెను.

ఈ కాగితానికి జవాబు వచ్చేదాకా మాత్రమే,
తమ విధేయురాలు,
దిగిపోయినావిడ కోడలు

తాజా కలం: రాసినదాన్ని సరిచూసుకోవడానికి పైకి చదువుతుంటే మా అత్తగారు పక్క గదిలోంచి విన్నారు. "ఇన్ని మాటలెందుకే? వాళ్ళు చదవరు. ఆ గుమాస్తా నన్నే రమ్మన్నాడుగా, వస్తానని రాయి" అన్నారు. కార్డు పనిచేయదు, డబ్బా కుయ్‌మనదు, మళ్ళీ పట్టుకుంటారు అన్నాను. "పట్టుకోనీ. ఈసారి వాళ్ళు దించినా దిగను. ఆ ఆఫీసులో ఆ మాట కొట్టించి, అటునుంచి అటే ఆసుపత్రికి పోదాం" అన్నారు. కలం అడిగి కుడి చేత్తోనే తీసుకున్నారు. నేను మణికట్టు పట్టుకోబోతే తోసేశారు. కింది మాటలు ఆమెవి. చేయి వణికి గీతలు రెండేసిసార్లు పడ్డాయి. దయచేసి ఒక్కసారిగానే చదువుకోండి.

నేను దిగలేదు. గురువారం ఎక్కుతున్నాను.