అరుపుల వేళలు

మార్చి 4
బ్యాండ్ పీడ విరగడైంది. ఇక సోలో ఆల్బమే. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్, అరుపే పాటగా సాగే సంగీతం. గిటార్, బేస్, గొంతు అన్నీ నేనే, డ్రమ్స్ మాత్రం కంప్యూటర్. పడకగదిలో పరుపును గోడకు నిలబెట్టి, మైకు పెట్టి, గొంతు చించుకుని అరిచాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. హాయిగా ఉంది.

మార్చి 5
పోలీసులొచ్చారు. ఎవరో ఆడమనిషిని చంపుతున్నారని ఫోన్ వచ్చిందట. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. వాళ్లలో పెద్దాయన ముఖం ఆముదం తాగినట్టయింది. పక్కింటి లిఫ్ట్ మెకానిక్ అడ్డుపడ్డాడు. ఆ అమ్మాయి ఆర్టిస్ట్ సార్, ఆ అరుపులు మాకలవాటే అన్నాడు. నవ్వుకుంటూ పోయారు. దేవుడిలాంటి మనిషి.

మార్చి 9
మెకానిక్ మెట్ల మీద ఆపి, రికార్డింగ్ ఏ వేళల్లో ఉంటుందమ్మా అని అడిగాడు. వాళ్లావిడకు తలనొప్పట. ముందే తెలిస్తే చెవుల్లో దూది పెట్టుకుంటుందట. ఎంత మర్యాదో! రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని రాసి లిఫ్ట్ పక్కన అంటించాను.

మార్చి 17
నా పాటలు మిక్స్ చేసేవాడు, బ్యాండ్‌లో మేమంతా ‘చెవులు’ అని పిలుస్తాం, ఫోన్ చేసి తిట్టాడు. అన్ని పాటల్లోనూ ఒకటే అరుపట. మనిషన్నాక ఇంకో స్వరం ఉండదా అన్నాడు. పెట్టేశాను. నీకేం తెలుసురా దద్దమ్మా.

మార్చి 22
గొంతు వాచింది. నీళ్లు మింగినా మంట. రికార్డింగ్ లేదు. రోజంతా పడుకున్నాను.

మార్చి 23, మధ్యాహ్నం
కింది వాటా టీచరమ్మ పట్టుకుని దులిపేసింది. నిన్న సాయంత్రం మరీ ఘోరంగా అరిచానట. మధ్యలో అమ్మా, అమ్మా అని కూడా అన్నానట. ట్యూషన్ పిల్లలు జడుసుకున్నారట.

నిన్న నేను అరవలేదు.

మార్చి 23, సాయంత్రం
నాలుగు కాగానే పరుపు లాగేసి గోడకు చెవి ఆనించాను. దెబ్బ. అరుపు. మళ్లీ దెబ్బ. అరిచే ముందు నేను ఊపిరి తీసుకుంటాను. ఆవిడకా తీరిక లేదు.

వెళ్లి తలుపు బాదాను. మెకానిక్ తీశాడు. చెమట తుడుచుకుంటూ, టీవీ అన్నాడు. వెనకాల ఆవిడ నేల తుడుస్తోంది. బకెట్లో ఎర్రటి నీళ్లు. పోలీసులకు ఫోన్ చేస్తే, ఓ, ఆ అరుపులమ్మాయా అని పెట్టేశారు.

వాడికి వేళలు రాసిచ్చింది నేనే. ఇన్నాళ్లూ నా అరుపుల చాటున ఆవిడను గొడ్డును బాదినట్టు బాదాడు. వాణ్ని నరికేయాలని ఉంది. చేతకాక గిటార్‌ను గోడకేసి కొట్టాను. మెడ విరిగింది. నాది కాదు, గిటార్‌ది.

మార్చి 24
లిఫ్ట్ పక్కన కాగితం చింపేశాను. ఇల్లిల్లూ తిరిగాను. ఇక నేను అరవను, అరుపు వినిపిస్తే అది నాది కాదు, తలుపులు తీసి రండి అని చెప్పాను. టీచరమ్మ కూలబడిపోయింది. మెకానిక్ డ్యూటీకి వెళ్లాక ఆవిడకీ చెప్పాను. పెదవి చిట్లి ఉంది. ఇంకనుంచి మా ఇంట్లో అరుపు అందరికీ వినిపిస్తుందా అని అడిగింది. వినిపిస్తుందన్నాను.

మార్చి 30
పాడుతున్నాను. శ్రుతిలో, సన్నగా, గోడ అవతల గ్లాసు పడినా తెలిసేంత నెమ్మదిగా. డ్రమ్స్ హెడ్‌ఫోన్స్‌లోనే చిందులేస్తున్నాయి. అరుపు ఉండాల్సిన చోటల్లా ఖాళీ వదిలాను. పాటను ‘చెవులు’కి పంపాను. భయమేస్తోందే, ఇదెక్కడ నేర్చుకున్నావ్ అన్నాడు.

ఏప్రిల్ 2
పక్కింట్లో అరుపు. మగ గొంతు.

అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఎవరమూ అడుగు ముందుకెయ్యలేదు.