ఫోన్లో వినిపించిన టకటక

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడి సంసారాన్ని లాక్కొచ్చిన నాన్నకు, కుర్చీలో కూర్చుని ఉద్యోగం వెలగబెడుతున్న కొడుకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. మా పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ క్షేమం. పొద్దున్నుంచీ నా కంటి బరువు మోసే మైక్రోస్కోపు కూడా క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, మీ ఇద్దరి నెత్తినెక్కి కూర్చున్న చెకింగు గారూ క్షేమమని తలుస్తాను. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి జేబులు వాసన చూసే కుక్కకు, రిటైరైన కండక్టరు తప్ప ఇంకెవరూ ఆ పేరు పెట్టరని డాక్టరమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

నీ ఉత్తరానికి ఫోన్లోనే జవాబు చెప్పొచ్చు కదరా అంటావు. ఫోన్లో నేను సగం చెప్పకముందే నువ్వు "పోనీలేరా" అనేస్తావు. కాగితం దగ్గర ఆ పప్పులుడకవు. చివరిదాకా చదవాల్సిందే.

ముందు నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు, పరీక్ష హాల్లో మాదిరిగా తెలిసినవి మొదట. వేళకు తింటున్నాను. గది పైకప్పు ఇంకా కారుతోంది, దాని కింద పెట్టిన బకెట్టుకు నాకన్నా క్రమశిక్షణ ఎక్కువ. జుట్టు కత్తిరించుకున్నానని అమ్మకు చెప్పు. చెకింగుకు రెండో సూది వచ్చే శుక్రవారం. అక్కడి డాక్టరు గారు మరిచినా నువ్వు మరవకు. రోజూ చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక కింద పిడుదుల కోసం వెతుకు. ఆ జబ్బు పురుగును రక్తంలోకి దించేవి అవే.

"మావాడు రక్తపు బొట్టులో దొంగను పట్టాడని వీధంతా చెప్పాను. ఎదురింటి దర్జీ తన కుక్కను కూడా నీ దగ్గరికే తెస్తానంటున్నాడు" అని రాశావు. అది చదువుతుంటే చేతిలో టీ చల్లారిపోయింది. దాని కిందే ఇంకో మాట రాశావు. "బిస్కెట్లు పెట్టి పెట్టి దాని ఒళ్ళు నేనే పాడుచేశాను. ఇప్పుడు పూర్తిగా మానేశాను. అది డబ్బా వంక చూసి, నా వంక చూసి, తల తిప్పుకుంటోంది." ఆ టీ పారబోశాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఆ శనివారం నీతో మాట్లాడుతుంటే ఫోన్లో టకటక వినపడింది. నా టికెట్ పంచింగు కన్నా జోరుగా ఉంది. ఏమిట్రా అది?"

చెబుతాను.

ఆ రోజు చెకింగు నీరసంగా ఉందని, నువ్వు దానికి కూడా టికెట్టు కొట్టించి మరీ బస్సులో తీసుకొచ్చావు. నేను దాని చెవి కొసన సూదితో పొడిచి, మొదటి బొట్టును గాజు పలక మీద పలచగా పరిచి, రంగు వేసి ఆరబెట్టాను. మీరు బస్సెక్కేశారు. రక్తంలో పురుగు ఉందో లేదో తేల్చాలంటే అలాంటి పలకను మైక్రోస్కోపు కింద నూరు చోట్ల చూడాలి. ఒక్కో చోటు చూడగానే చేతిలో కౌంటరు ఒకసారి నొక్కాలి. నూరు పడ్డాకే రిపోర్టు. మా దగ్గర చట్టమైనా రాజ్యాంగమైనా అదే.

నేను పన్నెండు చూశాను. అంతలో నీ ఫోను. "చూస్తున్నావా, ఏమన్నా కనబడిందా?" అన్నావు. "చూస్తూనే ఉన్నాను నాన్నా" అన్నాను. నా కళ్ళు కిటికీ బయట ఉన్నాయి. బొటనవేలు మాత్రం మహా నిజాయితీగా నొక్కుతూ పోయింది. నువ్వు విన్న టకటక అదే. ఎనభై ఎనిమిది సార్లు.

కౌంటరు మీద నూరు కనబడగానే "ఏమీ లేవు" అని రాసేశాను. పైగా నీతో జోకు కూడా వేశాను: "రక్తం శుభ్రంగా ఉంది నాన్నా. నీ బిస్కెట్లే దాని జబ్బు."

తొమ్మిది రోజుల తరువాత అమ్మ ఫోను చేసి, చెకింగు మూత్రం కాఫీ రంగులో పోస్తోందనీ, లేచి నిలబడలేకపోతోందనీ చెప్పింది. పెట్టెలోంచి పాత పలక తీసి చూశాను. పంతొమ్మిదో చోట ఉన్నాయి. ఒక ఎర్రకణం లోపల కన్నీటి బొట్ల లాంటివి రెండు, తలలు ఆనించుకుని. ఇంకో ఏడు చోట్లు చూసి ఉంటే చాలు. నీతో "కొత్త రకం రంగు వచ్చింది, దాంతో బయటపడింది" అన్నాను. కొత్త రంగూ లేదు, పాడూ లేదు. అదే పలక, అదే రంగు. దొంగను పట్టినవాణ్ణి కాదు నేను, తొమ్మిది రోజులు వాడికి అన్నం పెట్టినవాణ్ణి.

నిన్న డాక్టరమ్మకు చెప్పేశాను.

"ఎన్ని చూశావు?"

"పన్నెండు మేడమ్."

"ఇంకెన్ని కుక్కలకు ఇలా చేశావు?"

"ఇంక దేనికీ చెయ్యలేదు మేడమ్. ఇది మా ఇంటి కుక్కే కదా అని..."

ఆవిడ తిట్టలేదు. "బయటివాళ్ళకు నూరు, మీ నాన్నకు పన్నెండా?" అని, ఆ నెల పలకలన్నీ నా ముందు పెట్టి మళ్ళీ చూడమంది. నలభై ఆరు. అన్నీ నా పాత రిపోర్టులతో సరిపోయాయి. అదే ఎక్కువ సిగ్గనిపించింది నాన్నా. ఊళ్ళోవాళ్ళందరికీ సరిగ్గా పనిచేసిన చెయ్యి, నీ దగ్గరే దొంగాట ఆడింది.

బిస్కెట్ల తప్పు పిసరంత కూడా లేదు. ఉత్తరం కాసేపు పక్కన పెట్టి ముందు ఆ డబ్బా మూత తియ్యి. తరువాత దర్జీ గారికి ఇదంతా చదివి వినిపించు, జోకులు వదిలేసినా పర్వాలేదు. విన్నాక కూడా కుక్కను తెస్తానంటే తెమ్మను.

రెండో సూది పడ్డ నెలకు చెకింగును మళ్ళీ తీసుకురా. చెవి నుంచి ఇంకో బొట్టు తీస్తాను. ఈసారి కౌంటరు నీ చేతిలో ఉంటుంది. ఒక్కో చోటు చూసి నేను "రైట్" అంటాను. నేనన్నాకే నువ్వు నొక్కు. నూరూ అయ్యేదాకా ఇద్దరం కుర్చీలోంచి లేవొద్దు.

ఇట్లు,
పన్నెండో స్టేజీలో దిగిపోయి, ఆఖరి స్టేజీ దాకా వెళ్ళానన్న
నీ కొడుకు