ఎక్స్‌రే అంటే దవాఖాన ఒక్కటేనా

అన్నా, అందరం క్షేమం, కోపంగా ఉన్నది నేనొక్కదాన్నే.

నిన్న కామారెడ్డి బస్టాండులో చిన్నాయన కొడుకు శైలేందర్ "ఎక్స్‌రే పని చేస్తే కడుపు పండదట, అన్న తన బిడ్డ సింధూజను పరిశోధనకు పంపడట గదక్కా" అన్నాడు. "అది దవాఖాన ఎక్స్‌రే కాదుర" అని అక్కడే కడిగేశాను.

ఎలక్ట్రాన్‌కు బదులు బరువైన మ్యూయాన్ అనే కణం తిరిగే వింత పరమాణువు నుంచి సింధూజ చూసే ఎక్స్‌రే వస్తుంది. కరెంటు అడ్డులేక పారేంత చల్లగా ఉంచిన సెన్సర్ అది తగలగానే రవ్వంత వేడెక్కుతుంది. వదిన తోడువేసే ముందు పాలలో వేలు పెట్టి చూసినట్టు, ఆ వేడిని కొలవడమే పిల్ల పని. తనుండేది కిరణాలు దాటని మందపు గోడ అవతల.

నీ కొడుకు గల్ఫ్‌కు వెల్డింగ్ పనికి పోయిననాడు వాడి కండ్ల సంగతి ఎవరడిగారు?

మక్కలు ఎండాయా? బాపు మోకాళ్లు ఎట్లున్నాయి?

సోమవారం ఎల్లారెడ్డి వస్తున్నాను, సింధూజను ముంబైలో పరిశోధనకు నేనే చేర్పిస్తాను. దీవెనలు పిల్లకివ్వు, తిట్లు నాకు దాచిపెట్టు.

నీ చెల్లె సులోచన