మారిట్ పెళ్ళికి ఎర్రబడిన ఓక్

అక్టోబర్ 2
ఓక్ నాటి నేటికి ఏడేళ్ళు. ఎత్తు పద్దెనిమిది అడుగులు, వెడల్పు నాలుగు. డ్రైవ్‌వేకీ గోడకీ మధ్య ఇంత సన్నటి చెట్టు తప్ప మరొకటి పట్టదు. పై కొమ్మలు ఎర్రబడుతున్నాయి. మనవరాలు మారిట్ పెళ్ళి పన్నెండున, ఈ చెట్టు ఎదుటే.

అక్టోబర్ 6
మొదలు చుట్టూ కట్టిన ఇనుప వల ఫోటోల్లో పడుతుందని మారిట్ గోల. చెట్టును జైల్లో పెట్టావా ఏంటి అమ్మమ్మా, వారం రోజులు తీసేస్తే కొంపేం మునగదు అంది. ఇది దుప్పులు చెట్లకేసి కొమ్ములు రుద్దే నెల. నాకు తెలుసు. తీశాను.

అక్టోబర్ 8, ఉదయం 6.40
మగ దుప్పి వచ్చి పోయింది. నేల మీంచి పదహారో అంగుళం మొదలు ముప్ఫై ఒకటి దాకా బెరడు చుట్టూ ఒలిచేసింది. వేలెడు కూడా మిగల్లేదు. ఆకులకింకా తెలియదు. వసంతానికి చెట్టు చస్తుంది.

సాయంత్రం
పక్కింటి లోవెల్ విల్లుతో వేటాడతాడు. మా పెరట్లోకి రానివ్వమని ఆరేళ్ళుగా అడుగుతున్నాడు. ఇవాళ నేనే పిలిచాను. పాపం, మూగజీవాలన్నారుగా మిసెస్ టోలెఫ్సన్, ఇప్పుడేమైందీ అని నవ్వాడు. పాపం అయిపోయింది అన్నాను.

అక్టోబర్ 10
మళ్ళీ అదే చెట్టు దగ్గరికి వచ్చింది. లోవెల్ బాణం వెన్నులో దిగింది. వెనక కాళ్ళు పడిపోయాయి. ముందు కాళ్ళతో మట్టి పెళ్ళగిస్తూ, అరుస్తూ, ఓక్ వైపే పాకింది. అతను రెండో బాణం తీసేలోపు నేను పార అందుకున్నాను. దగ్గరికెళ్ళకండి మహాతల్లీ, చీల్చేస్తుంది అని అరిచాడు. చీల్చింది. ఎడమ ముంజేయి, తొమ్మిది కుట్లు.

పార అంచుతో మెడ మీద కొట్టాను. మూడు దెబ్బలకు చచ్చింది. నాలుగోది అవసరం లేదు. అయినా కొట్టాను. హాయిగా అనిపించింది. ఇది రాయకపోతే లెక్క తప్పుతుంది.

లోవెల్ నా వైపు చూడకుండా కళేబరాన్ని ఈడ్చుకుపోయాడు.

అక్టోబర్ 12
పెళ్ళి. చెట్టు మొదలుకి తెల్ల గుడ్డ చుట్టాను. నా చేతికీ అదే. ఈ ఏడు ఎలా మండిపోతోందో చూడు అమ్మమ్మా, నాకోసమే అంటూ మారిట్ దానికి ఆనుకుని నిలబడింది. బెరడు తెగిన చెట్టు ఆకు మరింత ఎర్రబడుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. జారుతున్న తెల్ల గుడ్డ ముడి బిగించాను.

మే 29
ఆకు వేయలేదు. మొదలంటా కోశాను. వేరు నుంచి పదకొండు మొలకలు. ఓక్‌ను అంటు కట్టింది నాటు మొదలు మీద, ఇవి ఆ నాటు జాతివి. అడ్డంగా పెరుగుతాయి, దారి మూసేస్తాయి. కత్తెర పదును పెట్టుకున్నాను.

పది కోశాను.